చెంబు వదినా, కరువు కొలతా

మా వదిన ఎంగిలిచేత్తో కాకిని తోలదని మా వీధిలో అంటారు. శుద్ధ అబద్ధం. తోలుతుంది. తోలాక ఆ చెయ్యి కడుక్కోదు, అంతే.

తప్పు పట్టకండి. మాది ఇసుక ఊరు. ఏడాదికి మూడు వానలు పడితే నాలుగోదాన్ని ఫొటోతో సహా పేపర్లో వేస్తారు. నాలుగు రోజులకోసారి ట్యాంకరు వస్తుంది. వస్తుందని అంటారు, అప్పుడప్పుడు నిజంగానే వస్తుంది. మా వీధి ఇరుకు కాబట్టి అది వీధి మొదట్లోనే ఆగిపోతుంది. దాని గొట్టం ఆరో ఇంటిదాకా సాగుతుంది. మాది పన్నెండో ఇల్లు, వీధి చివర. అంటే గొట్టం ఆగిన చోటునుంచి మా వాకిట్లో ఉన్న సిమెంటు తొట్టిదాకా బిందెలు మొయ్యాలి. తొట్టికి నలభై బిందెలు పడతాయి. ఆ నలభై బిందెలూ నాలుగు రోజులకోసారి, ఇరవై ఆరేళ్ళుగా, కుడి భుజం మీద మోసిన మనిషి మా వదిన.

మరి మరిదివి నువ్వేం చేస్తున్నావయ్యా అంటారు, తెలుసు. మోస్తానన్నాను. రెండుసార్లు మోశాను కూడా. నేను మోస్తే దారిలో బిందెకి గ్లాసుడు తొణుకుతున్నాయట. "నిండు కుండ తొణకదు మరిదిగారూ, సగం బుర్ర తొణుకుతుంది" అని బిందె లాక్కుంది. మామూలుగా ఆవిడ నన్ను అబ్బాయ్ అంటుంది. మరిదిగారూ అందంటే కోపం వచ్చినట్టు.

వదిన మా ఇంటికి వచ్చినప్పుడు ఇలా లేదు. వాళ్ళ పుట్టింటి పెరట్లోంచి కాలువ పోతుంది. నీళ్ళంటే ఏమిటో తెలియని పిల్ల, అంటే నీళ్ళ విలువ అన్నమాట. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్న ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, మీ ఊళ్ళో నీళ్ళ మాటేమిటని. మా అమ్మ తడుముకోకుండా "వచ్చే నెలలో కొళాయి వచ్చేస్తోంది అన్నయ్యగారూ" అంది. మా అమ్మ అబద్ధమాడలేదు. నీళ్ళ ఆఫీసు వాళ్ళు ఆవిడకి ఆ మాటే చెప్పారు. ఇప్పటికీ ఆ మాటే చెబుతున్నారు. మాట మీద నిలబడే ఆఫీసు మా ఊళ్ళో అదొక్కటే.

కాపురానికి వచ్చిన మర్నాడు వదిన స్నానాల గదిలోకి వెళ్ళి, హాయిగా కూనిరాగం తీస్తూ రెండు బకెట్లు గుమ్మరించుకుని, మూడోది కావాలని కేకేసింది. బయట పీట మీద కూర్చున్న మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొడుకు చేజారిపోయాడని కాదు, రెండు బకెట్లు పోయాయని. ఆ మధ్యాహ్నమే కోడల్ని కూర్చోబెట్టి ఇంటి పద్ధతి చెప్పింది. చేతికి ఒక స్టీలు చెంబు ఇచ్చింది. దాని లోపల మేకుతో గీసిన మూడు గీతలున్నాయి. మొదటి గీతదాకా పళ్ళు తోముకోవడానికి, రెండో గీతదాకా ముఖానికి, మూడో గీతదాకా కాళ్ళకి. అంచుదాకా నింపే పని మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ పడలేదు.

వదిన ఏడాదిలో నేర్చుకుంది. రెండో ఏడు అత్తని మించిపోయింది. మా ఇంట్లో నీళ్ళు చేసినన్ని ఉద్యోగాలు మా వంశంలో ఎవరూ చెయ్యలేదు. పొద్దున్నే కూరగాయలు కడగడంతో కొలువులో చేరతాయి. అక్కణ్ణుంచి అంట్లగిన్నెలకి బదిలీ, తర్వాత నేల తుడవడానికి, సాయంత్రానికి మరుగుదొడ్లో పదవీ విరమణ. మధ్యలో సెలవు లేదు. స్నానం నాకు తొమ్మిది చెంబులు, అన్నయ్యకి ఎనిమిది. మొదట్లో ఆయనకీ తొమ్మిదే. నెత్తిమీద జుట్టు పోయాక ఒకటి కోసేసింది. అన్నయ్య బస్సు కండక్టరు. రోజూ ఊరందరితో గొంతు చించుకుని, ఇంటికొచ్చేసరికి నోట్లో నాలుక లేని మనిషైపోతాడు. ఆ కోత గురించి కూడా ఏమీ అనలేదు.

మా అమ్మ చివరి రోజుల్లో మంచంలో పడుకుని నన్ను దగ్గరికి పిలిచింది. ఏదో ఆస్తి రహస్యం చెబుతుందేమోనని చెవి ఆనించాను. "దీన్ని నేనే తయారు చేశాన్రా. ఇప్పుడు నాకే పుక్కిలించడానికి కొలిచి పోస్తోంది" అంది. పక్కనే నిలబడ్డ వదిన విని, "పుక్కిలించినవి గిన్నెలో ఉమ్మండత్తయ్యా, వాకిట్లో చల్లుకుంటాను" అంది.

వీధి వీధంతా ఆవిడకి చెంబు వదిన అని పేరు పెట్టింది. ఎదురుపడితే నవ్వుతారు. వేసవి వస్తే మాత్రం అరువుకి ఆవిడ గుమ్మమే ఎక్కుతారు.

ఇక నా సంగతి. వీధి మొదట్లో నాకో టైపింగు, జిరాక్సు కొట్టుంది. నీళ్ళ ఆఫీసుకి మా వీధి తరఫున ఇప్పటికి అరవై ఒక్క అర్జీలు కొట్టాను. నలభై నాలుగేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. కొళాయి వస్తుందని చెప్పి వదినని తెచ్చుకున్న సంగతి చుట్టుపక్కలంతా పాకిపోయింది. ఇప్పుడు పిల్ల తండ్రులు వస్తే అబ్బాయి జాతకం తర్వాత చూద్దాం, ముందు కొళాయి తిప్పి చూపించండి అంటున్నారు.

పోయినేడు వదిన భుజం మొరాయించింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురులో పెట్టి చూసి, ఐదు కిలోలకి మించి ఎత్తకూడదన్నాడు. బిందె పదిహేను కిలోలు. అందుకని ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానేసింది. నేను వెళ్ళి మళ్ళీ అడిగాను. ఇలాగే మోస్తే రెండేళ్ళలో ఆ చెయ్యి పైకి లేవదు, తర్వాత నా దగ్గరికొచ్చి లాభం లేదు అన్నాడు. ఆ మాట వదినకి చెబితే, "రెండేళ్ళలో కొళాయి రాదంటావా?" అని నన్నే అడిగింది. నాకు మండిపోయింది.

అప్పుడు వచ్చింది నోటీసు. ఈ ఏడు ఆఫీసులో ఒక్క వీధికి సరిపడా పైపులే ఉన్నాయట. అవి మా వీధికి వెయ్యాలో ముందు వీధికి వెయ్యాలో తేల్చడానికి గురువారం పొద్దున్న పదింటికి సర్వే. ఇంటింటికీ వెళ్ళి తొట్టిలో కర్ర ముంచి కొలుస్తారు. ఏ వీధిలో నీళ్ళు తక్కువుంటే ఆ వీధికి పైపు. వినడానికి న్యాయంగానే ఉంది. కరువుని కర్రతో కొలవొచ్చని కనిపెట్టిన మహానుభావుడెవడో గాని, వాడింట్లో రెండు కొళాయిలుండి ఉంటాయి.

మంగళవారానికల్లా తొట్లన్నీ అడుగంటాయి. కొలత వేస్తే మనదే గెలుపని అందరం నిశ్చింతగా ఉన్నాం. గోరుచుట్టు మీద రోకటిపోటులా బుధవారం మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. చెప్పిన వేళకి, నిండుగా, మా జన్మలో మొదటిసారి. వదులుకోవడానికి మనసు ఒప్పుకోక అందరూ తొట్లు నింపుకున్నారు, నింపుకున్నాక తల పట్టుకున్నారు.

సాయంత్రం మా వీధి సంఘం అధ్యక్షులవారు మీటింగు పెట్టారు. ఈయన ధాన్యం గోదాములో తూకాల గుమాస్తాగా చేసి దిగిపోయాడు. తూకంలో రాయి ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి. గొంతు సవరించుకుని, "ముందు వీధివాళ్ళు తొట్లు ఖాళీ చేస్తున్నారని నాకు నమ్మకమైన కబురు. మనం చేతులు ముడుచుకుని కూర్చుంటే నోట్లో మట్టే. రేపు తొమ్మిదింటికల్లా ఏ తొట్టిలోనూ చుక్క ఉండకూడదు" అన్నాడు.

వదిన లేచింది. "ఖాళీ అంటే? పారబొయ్యాలా?"

"మరి తాగేస్తావా తల్లీ అన్నీ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"మళ్ళీ ట్యాంకరు ఆదివారం గాని రాదు బాబాయ్‌గారూ. నాలుగు రోజులు ఏం తాగుదాం?"

"త్యాగం చెయ్యాలమ్మా" అన్నాడాయన, పక్కన బాటిలు మూత తీసి గొంతు తడుపుకుంటూ. "నాలుగు రోజులు ఓర్చుకుంటే బతికున్నన్నాళ్ళూ కొళాయి."

వదిన నాతోపాటు ఇంటికి నడిచింది. గుమ్మం దగ్గర ఆగి, "నిజంగా వస్తుందా అబ్బాయ్ పైపు?" అంది. ఉత్తర్వు నా కళ్ళతో చూశాను వదినా, మన వీధి గెలిస్తే నెల తిరక్కుండా వేస్తారు అన్నాను. ఆవిడ ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత, "తొట్టి ఖాళీగా ఉండాలన్నారు. ఇంట్లో నీళ్ళుండకూడదని అనలేదుగా" అంది. నాకు భయం వేసింది.

గురువారం తెల్లవారకముందే మొదలుపెట్టింది. తొట్టిలో నీళ్ళు తోడి పడకగదిలోకి చేర్చడం. రెండు ఇనప డ్రమ్ములు నిండాయి. తర్వాత బిందెలు, బకెట్లు, కుక్కరు, ఫ్లాస్కు, పాలక్యాను, వేడినీళ్ళ రబ్బరు సంచి, మంచు గడ్డల ట్రే. అన్నయ్య పాత యూనిఫాం పెట్టెలో ప్లాస్టిక్ పట్టా పరిచి దాన్నీ నింపింది. వంటింట్లో జల్లెడ ఒక్కటే మిగిలింది. అన్నయ్య నిద్రలేచి కాలు కిందపెడితే గంగాళంలో పడింది. ఆయన కాలు తీసి, తడి కాలితోనే బూటు తొడుక్కుని, ఎవరినీ ఏమీ అడక్కుండా డ్యూటీకి వెళ్ళిపోయాడు.

ఇక బయట వీధిలో చూడాలి. పుట్టి బుద్ధెరిగాక అలాంటి పొద్దు చూడలేదు. అధ్యక్షులవారు అరుగు మీద కూర్చుని బకెట్ల మీద బకెట్లు కుమ్మరించుకుంటూ రాగాలు తీస్తున్నారు. మూడో ఇంటి దర్జీ, కొన్నప్పట్నుంచీ నీళ్ళు చూడని తివాచీని వీధిలో పరిచి తొక్కుతున్నాడు. ఐదో ఇంటి ఆవిడ తన మెట్లు కడిగి, చేతులు ఆగక పక్కింటి మెట్లూ కడిగింది. ఒకాయన స్కూటరు మూడుసార్లు కడిగాడు, నాలుగోసారి కుక్కని కడిగాడు. పెద్దా చిన్నా అందరి ముఖాల్లో పెళ్ళి కళ. ఇసుక ఊరికి ఉన్న ఒకే ఒక్క లాభం ఏమిటంటే ఎన్ని గుమ్మరించినా గంటలో సాక్ష్యం ఎండిపోతుంది.

నేనేం పెద్దమనిషిని కాను. కొట్టు వెనక తలుపేసుకుని, పక్కింటివాళ్ళు పారబోస్తున్నవే నాలుగు బకెట్లు పోసుకున్నాను. సబ్బు రెండుసార్లు రాశాను. నా వీపు మధ్యలో ఒక పుట్టుమచ్చ ఉందని అద్దంలో చూసి అప్పుడే తెలుసుకున్నాను. అంతకు ముందు అది మట్టి కింద ఉండేది.

తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి వీధి మధ్యలో వదిన నిలబడి ఉంది, చంకలో ఖాళీ బిందెతో. ముఖం జేవురించింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఎవరో అన్నారు. ఆవిడ వినలేదు. నన్ను ఎగాదిగా చూసి, "శుభ్రంగా ఉన్నారు మరిదిగారూ" అంది. నా తల వాలిపోయింది.

తిన్నగా మూడో ఇంటికెళ్ళింది. "ఆపండన్నయ్యా. పారబోసేవేవో నా బిందెలో పొయ్యండి" అంది. ఆవిడకి పిచ్చో వెర్రో దర్జీకి అర్థం కాలేదు. అయినా తన చేతికి శ్రమ తప్పిందని పోశాడు. అలా ఆరిళ్ళు తిరిగింది. మిగతావాళ్ళు అప్పటికే అంతా పారబోసి తుడుచుకుంటున్నారు. కొందరు బిందెతో సహా పట్టుకుపొమ్మన్నారు. ముప్ఫై రెండు బిందెలు. నేను పది మోశాను, సిగ్గుపడి. మిగతావి ఆవిడే మోసింది, ఆ భుజంతో. మా పడకగదిలో మంచం మీద కూడా గిన్నెలే. ఎవరి నీళ్ళు వాళ్ళకి అప్పజెప్పాలి కదా అని, ప్రతి బిందె మీదా సుద్దముక్కతో ఇంటి నెంబరు వేసింది. మూడు, ఐదు, ఏడు, ఇలాగ. ఆ సుద్దముక్కే మా కొంప ముంచింది.

అధ్యక్షులవారు తొమ్మిదింటికి వచ్చి, "అయిందా అమ్మాయ్?" అన్నారు.

"తొట్టిలో చుక్క లేదు, చూసుకోండి."

ఆయన తొట్టిలోకి తొంగి చూసి భుజం తట్టబోయి, ఏ భుజమో గుర్తొచ్చి ఆగిపోయాడు.

ముందు వీధికి పదింటికి, మా వీధికి పదకొండింటికి. వచ్చింది ఒక చిన్న వయసు ఇంజనీరమ్మ, నల్లద్దాలు, గొడుగు, చేతిలో రాసుకునే అట్ట. ఆవిడ వెనకాల కొలకర్ర పట్టుకున్న పెద్దాయన. అరవై దాటే ఉంటాయి. ఆయనకి గొడుగు లేదు. ఆఫీసు వారి లెక్కలో గొడుగు అధికారికి గాని కర్రకి కాదు.

మొదటి ఇల్లు సున్నా. రెండోది సున్నా. మూడోది సున్నా. ఒక్కో సున్నాకీ అధ్యక్షులవారు కొండంత నిట్టూర్పు విడుస్తున్నారు. ఐదో ఇంటి దగ్గర ఇంజనీరమ్మ గోడ మీద చెయ్యి వేసింది. "ఇదేంటి, తడిగా ఉంది?"

"చెమట మేడమ్" అన్నారు అధ్యక్షులవారు.

"గోడకా?"

"మా ఎండలు అలాంటివి మేడమ్."

ఆవిడ ఏమీ రాసుకోలేదు. నడుస్తూ నడుస్తూ, ముందు వీధిలో సగటున రెండు వేళ్ళు తేలిందని పెద్దాయనతో అంది. మా వెనక వస్తున్న పది మందిమీ ఒకళ్ళ ముఖాలొకళ్ళం చూసుకున్నాం. ముందు వీధిలో రెండు వేళ్ళు, మాది సున్నా. గెలిచేశాం. నా కళ్ళ ముందు కొళాయి కనబడింది, దాని వెనక పిల్ల తండ్రులు కూడా కనబడ్డారు.

పన్నెండో ఇల్లు మాది. పెద్దాయన తొట్టిలో కర్ర దించాడు, తీశాడు, సున్నా అన్నాడు. ఇంజనీరమ్మ రాసుకుంటోంది. అప్పుడు ఆయన చేతిలో కర్ర జారి పడింది. దాని వెనకే ఆయనా మా మెట్టు మీద కూలబడ్డాడు. పెదవులు తెల్లగా అట్టకట్టి ఉన్నాయి. పొద్దున్నుంచీ రెండు వీధుల్లో ఇంటింటా నీళ్ళడిగాడట. ఇంటింటా లేవన్నారట. ఉన్నవాళ్ళు ఉండకూడదు కాబట్టి లేవన్నారు, లేనివాళ్ళు పారబోశారు కాబట్టి లేవన్నారు.

"తల్లీ, గుక్కెడు నీళ్ళు" అన్నాడు వదినని చూసి.

"నీళ్ళెక్కడివి పెద్దాయనా, మేమే రెండు రోజుల్నుంచీ నాలుకలు పిడచకట్టి ఉన్నాం" అన్నారు అధ్యక్షులవారు, తడి ఆరని జుట్టుతో.

ఇంజనీరమ్మ తన బాటిలు తిరగేసి చూపించింది. జీపులో ఉన్నాయేమో ఎవరైనా తెండి అంది. జీపు వీధి అవతలి కొసన. ఎవరో ఆ వైపు పరిగెత్తారు. అధ్యక్షులవారు వదిన పక్కకి జరిగి, పళ్ళ మధ్యనుంచి, "నోరు మెదపకు. జీపులోంచి తెస్తున్నారు కదా, ఐదు నిమిషాల్లో ఏం కొంప మునగదు" అన్నారు.

వదిన నా వైపు చూసింది. చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది గాని చెబుతాను. నేను కళ్ళతోనే వద్దన్నాను. పైపు వస్తుంది వదినా, నీ భుజం వదినా అన్నాను, అన్నీ కళ్ళతోనే. ఆవిడకి అర్థమైంది. భుజం పట్టుకుని, పెద్దాయన పెదవుల వైపు ఒకసారి చూసి, గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. చూడలేక పోయిందిలే, మంచిదే అనుకున్నాం.

మళ్ళీ వచ్చింది. చేతిలో చెంబు, అంచుదాకా నీళ్ళు.

పెద్దాయన గటగటా తాగాడు. ఆవిడ లోపలికెళ్ళి ఇంకొకటి తెచ్చింది. ఆయన తలగుడ్డ విప్పి తడిపి, నెత్తి మీద వేసి, మిగతావి మెడ వెనక పోసింది. కొలవకుండా ఆవిడ పోసిన నీళ్ళు ఇరవై ఆరేళ్ళలో నేను అప్పుడే చూశాను. మెట్టు మీంచి కారి ఇసుకలో ఇంకిపోయాయి. ఆవిడ ఆ వైపు చూడనైనా చూడలేదు.

"ఇవెక్కడివమ్మా?" అంది ఇంజనీరమ్మ.

అధ్యక్షులవారు నీళ్ళు నమిలారు. అప్పటికి ఆయన దగ్గర మిగిలినవి అవే. ఇంజనీరమ్మ చెప్పులు విప్పి లోపలికెళ్ళింది. పడకగది గుమ్మంలో చాలాసేపు నిలబడింది. డ్రమ్ములు, బిందెలు, యూనిఫాం పెట్టె, మంచు గడ్డల ట్రే. నేను ధైర్యం చేసి, "ఇవన్నీ మా ఒక్క ఇంటివే మేడమ్. మా వదినకి కాస్త చాదస్తం. వీధికి ఏ సంబంధమూ లేదు" అన్నాను.

ఆవిడ వంగి ఒక బిందె మీద అంకె చదివింది. తర్వాత ఇంకో బిందె మీద. "ఈ మూడేంటి, ఈ ఐదేంటి?"

నేను నోరు తెరిచేలోపే వదిన అప్పజెప్పేసింది. "మూడంటే మూడో ఇంటివండీ, ఏడు బిందెలు. ఐదో ఇంటివి నాలుగు, వాళ్ళు అప్పటికే మెట్లు కడిగేశారు. డ్రమ్ముల్లోవి మావి." గ్లాసుడు కూడా పొరపాటు లేకుండా చెప్పింది. లెక్క అడిగితే చెప్పకుండా ఉండటం ఆవిడకి చేతకాదు.

"ఇవన్నీ ఎందుకు ఎత్తిపెట్టారు?"

"పారబోస్తుంటే చూడలేకపోయానండి."

ఇంజనీరమ్మ నల్లద్దాలు తీసి వదినని చూసింది. అట్ట మీద ఏదో చాలాసేపు రాసుకుంది. పెద్దాయన లేచి, కర్ర తీసుకుని, వదినకి దండం పెట్టి, ఆవిడ వెనకాల నడిచాడు.

ఆ పూటనుంచీ వీధిలో వదినతో మాటల్లేవు. ఎదురుపడితే ముఖం తిప్పుకోవడం, కిటికీలు వెయ్యడం. ఆ పంతం శుక్రవారం మధ్యాహ్నందాకా సాగింది. శుక్రవారం మధ్యాహ్నానికి వీధిలో నాలుకలన్నీ నిజంగానే పిడచకట్టాయి. దర్జీ పెళ్ళాం బిందె కొంగు చాటున పెట్టుకుని వచ్చి, "మా నీళ్ళు మీ ఇంట్లో ఉన్నాయటగా వదినా" అంది, మేమేదో దొంగతనం చేసినట్టు. వదిన సుద్ద అంకె చూసి, వాళ్ళవి వాళ్ళకి ఏడు బిందెలూ అప్పజెప్పింది. ఒకళ్ళ వెనక ఒకళ్ళు అందరూ వచ్చారు. చివరికి అధ్యక్షులవారే వచ్చారు. ఆయన తాలూకు బిందె మా ఇంట్లో ఒక్కటీ లేదు.

"మీవి మీ ఒంటి మీదే పోసుకున్నారుగా" అన్నాను.

"నువ్వు నోరు ముయ్యి అబ్బాయ్" అని వదిన మా డ్రమ్ములోంచి రెండు బిందెలు తోడి ఇచ్చింది. ఆయన పట్టుకుపోయాడు. థాంక్స్ చెప్పడం త్యాగం కింద లెక్క వేసుకున్నాడేమో, అదీ చెయ్యలేదు.

పదిహేను రోజులకి ఆఫీసునుంచి కాగితం వచ్చింది. నా అరవై ఒక్క అర్జీలకి వచ్చిన మొదటి జవాబు. "సదరు వీధి సందర్శకులకు సైతం తాగునీరు అందించగల స్థితిలో యున్నట్లు తనిఖీలో గమనించడమైనది. కావున నీటి ఎద్దడి గల వీధిగా పరిగణించుటకు వీలుపడదు." దాహమన్నవాడికి నీళ్ళు పోస్తే కరువు లేనట్టే. రెండు వీధులవాళ్ళు ఒక ముసలాయన్ని ఎండలో మాడ్చి, అందులో గట్టిగా మాడ్చినవాళ్ళు గెలిచారు. ఆ పరీక్ష పెట్టినవాడు వాళ్ళ ఆఫీసులోనే కూర్చుని ఉన్నాడు, వాడికి ఏ కర్రా అందదు.

ముందు వీధికి పైపు వేశారు. వెక్కిరింపుగా గాలి వస్తుందేమో అని ఆశపడ్డాను. లేదు, నీళ్ళే వస్తున్నాయి. రోజు విడిచి రోజు, నలభై నిమిషాలు, మంచి ధాటిగా.

వదిన ఇంకా మోస్తూనే ఉంది. ఇప్పుడు సగం నేను మోస్తున్నాను, తొణికితే తిట్లు తింటున్నాను. కుడి చెయ్యి చెవిదాకా కూడా లేవడం లేదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళబోయే ముందు అన్నయ్య ఆవిడకి జడ వేస్తున్నాడు. వంకరగా వేస్తాడు. ఆవిడ ఏమీ అనదు. ఒకరోజు ఉండబట్టలేక, "ఎందుకిచ్చావు వదినా? జీపులోంచి తెచ్చేవాళ్ళు కదా" అన్నాను. "నాకేం తెలుసు. ఇచ్చేశాను" అంది. తర్వాత కాసేపటికి, "కొళాయి పోయిందని ఏడవలేదనుకోకు" అంది. ఏడ్చిందని అప్పుడే తెలిసింది.

మొన్న మళ్ళీ నోటీసు. ఈసారి పైపు మాకూ పక్క వీధికీ మధ్య పోటీ. పద్ధతి అదే, కర్ర అదే. అధ్యక్షులవారు మీటింగు పెట్టి తీర్మానం తయారు చేశారు. సర్వే రోజున వీధిలోకి వచ్చినవారికి, ఎవరికైనా సరే, ఎవరూ నీళ్ళు ఇవ్వరాదు. అందరూ సంతకాలు చెయ్యాలి. చదివి కాగితం ముందుగా వదిన ముందే పెట్టారు.

"నేను చెయ్యను" అంది వదిన. "చేసి మాట తప్పలేను."

"అంటే పైపు వద్దా నీకు?"

"నాకు కాక ఎవరికి కావాలి?" కాగితం పక్కకి జరిపింది. "కావాలి కాబట్టే చెబుతున్నాను. ఆ రోజు నన్ను ఊళ్ళో ఉంచకండి. ముందురోజే మా పుట్టింటి బస్సెక్కించండి. ఇంట్లో ఉంటే మాత్రం, గుమ్మంలోకొచ్చి దాహమన్నవాడికి ఇచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

ఎవరూ నవ్వలేదు. అధ్యక్షులవారు గడ్డం గోక్కుని, మంచి ఆలోచనే అన్నారు. రెండో అంశంగా రాయించారు: సర్వే తేదీకి ముందురోజు చెంబు వదినను ఊరు దాటించవలెను. నేనే కొట్లో కూర్చుని, తప్పులు దిద్ది, టైపు చేసి తెచ్చాను.

కింద పన్నెండు ఇళ్ళ సంతకాలూ ఉన్నాయి. మొదటిది వదినది. రెండోది నాది.